పలకకు మంద్రం తోడు

ఉద్యోగంలో చేరిన తొలి నాలుగేళ్ళు ఒక ప్రాథమిక పాఠశాలలో పిల్లలచేత పలకల మీద అక్షరాలు దిద్దించాను. ఆ తరువాత ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడినై నల్లబల్లకు మారాను. పదవీ విరమణ చేసిన ఇన్నాళ్ళకు మళ్ళీ పలకలతో పని పడుతుందని అనుకోలేదు. మా చిన్నవాడు విదేశంలో కాపురం ఎత్తివేసి వస్తూ, అక్కడ ముచ్చటపడి కొనుక్కున్న స్పీకర్ల జతను నాకు వదిలిపెట్టాడు. వాటికి పెట్టె లేదు, లోపల గరాటువంటి శంకువు లేదు. నడుమెత్తు చట్రం, దానికి బిగించిన గుడ్డ, అంతే. లోకం వాటిని ఏమని పిలిచినా నాకు మాత్రం పలకలే.

వాటి మీద నేను మొదట వినదలచినది మా అన్నయ్య మృదంగం. ఆయన పెద్ద పేరు తెచ్చుకున్న విద్వాంసుడు కాడు. మా తాలూకాలో రామనవమి పందిళ్ళకు, పెళ్ళిళ్ళకు, హరికథలకు పక్కవాద్యం వాయించేవాడు. కాని తొప్పి పలికించడంలో ఆయనకు సాటి లేరని పెద్దలు అనేవారు. సంగీతంతో పరిచయం లేని చదువరుల కోసం ఒక మాట. మృదంగం కుడి ముఖాన నల్లని కరణి స్థిరంగా ఉంటుంది. ఎడమ ముఖాన, అంటే తొప్పిమీద, కచేరీకి ముందు రవ్వను నీళ్ళతో ముద్దచేసి మెత్తుతారు. ఆ బరువుకు చర్మపు కంపనం మందగించి మంద్రనాదం పుడుతుంది. కచేరీ ముగిశాక దానిని గీకి పారవేస్తారు. 1978 రామనవమి పందిట్లో ఎవరో పట్టిన ఒక్క టేపు తప్ప ఆయన వాద్యం ఇప్పుడు ఎక్కడా లేదు. ఆయనా లేడు.

ఆ టేపును పలకల మీద వినిపించినప్పుడు గాయకుని గొంతు మా హాలులో నిలుచున్నట్టే వినిపించింది. వయొలిను కమాను తీగను తాకే చిరుశబ్దం కూడ తెలిసింది. అన్నయ్య కుడిచేతి దెబ్బలు ఒక్కొక్కటి విడివిడిగా, ముత్యాల్లా రాలాయి. ఎడమచేయి లేదు. తొప్పి మీద చేయి పడిన తట్టుడు వినిపిస్తుంది. దాని వెంట రావలసిన గుంకీ రాదు. ఏ చేతికి ఆయన పేరు తెచ్చుకున్నాడో ఆ చేయే లేకుండా పోయింది.

దీనికి మందు సబ్‌వూఫరు అన్నారు. నగరంలో ఒక దుకాణానికి వెళితే అక్కడి కుర్రవాడు ఒక సినిమాలో బాంబు పేలే సన్నివేశం పెట్టి, అద్దాలు అదిరేలా వినిపించి, నా ముఖం వంక చూశాడు. పరీక్షకు ఇంటికి తెచ్చుకున్నాను. తొప్పి వచ్చింది. కాని అన్నయ్య చేతి కింద కాక, గది మూలనుంచి, వేరెవరో పెద్ద డోలు పట్టుకుని కూర్చున్నట్టు వచ్చింది. కుడిచేయి ఒక మనిషిది, ఎడమచేయి మరొకరిది. నేను విచారంగా కూర్చుంటే మావాడు నవ్వి, "నాన్నగారూ, ఇది మన ఇంటి జబ్బు కాదు. పలకలు పుట్టిననాటి నుంచీ ఉంది" అన్నాడు. ఆ మాట పట్టుకుని కొన్ని నెలలు చదివాను. ఆ చదివినదే ఇది.

ముందు పేర్ల సంగతి. ఇంగ్లీషులో వూఫ్ అంటే కుక్క మొరుగు, ట్వీట్ అంటే పిట్ట కూత. మంద్రాన్ని పలికేది వూఫరు, తారాన్ని పలికేది ట్వీటరు. వూఫరుకు కూడ అందని అడుగు స్వరాలను పలికేది సబ్‌వూఫరు. మన ఉపసర్గల లెక్కలో ఉపశునకం అనాలేమో! నేను కొన్నాళ్ళు మంద్రఘోషిణి అని పిలిచి చూశాను. ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు.

ఈనాడు మనం ఎరిగిన శంకువు స్పీకరుకు మూలపురుషులు అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్. 1925లో వారు ప్రకటించిన పరిశోధనలో అయస్కాంతం నడుమ తీగచుట్ట, ఆ చుట్టకు అంటించిన కాగితపు శంకువు ఉన్నాయి. వింత ఏమిటంటే, పలక స్పీకరు ఆలోచన కూడ అదే కెలాగ్ చేశాడు. పలుచని పొరను విద్యుత్తుతో ఆవేశపరచి, దానిని తిన్నగా ఆడించే పద్ధతికి 1934లో ఆయనకు పేటెంటు లభించింది. ఆ పద్ధతిలో శబ్దం పుట్టించే వస్తువు తలవెంట్రుక కన్న పలుచన. ఒకచోట నెట్టి మరొకచోట లాగడం ఉండదు. పొర అంతటినీ ఒక్కసారిగా విద్యుత్తే కదిలిస్తుంది. పలకల మీద గొంతు అంత సహజంగా వినబడటానికి కారణం ఇదే. అయితే అంత పలుచగా, గట్టిగా, వేల వోల్టులకు తట్టుకునే పొర ఆనాడు లేదు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత పాలియెస్టరు పొరలు వచ్చేదాకా ఆ ఆలోచన కాగితం మీదనే నిలిచిపోయింది.

ఇంగ్లండులో హంటింగ్డన్ పట్టణంలో పీటర్ వాకర్ అనే ఆయన 1955లో ఈ విషయమై వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో వ్యాసాలు వ్రాసి, 1957లో క్వాడ్ ఈ.ఎస్.ఎల్. స్పీకరును అమ్మకానికి తెచ్చాడు. చూడటానికి చలిదేశాల ఇళ్ళలో గోడవార ఉండే వేడిగొట్టాల చట్రంలా ఉంటుంది. మానవకంఠం విషయంలో దానిని మించినది లేదని నేటికీ వాదించేవారున్నారు. మరి మంద్రం? సుమారు 45 హెర్ట్జ్ దగ్గర అది చేతులెత్తేస్తుంది. అంతకు పైన కూడ గట్టిగా మోగించబోతే పొర అలసిపోతుంది.

ఎందుకిలా జరుగుతుందో తెలుసుకోవడానికి భౌతికశాస్త్రం అక్కరలేదు, ఒక చేట చాలు. చేటను వడిగా విసిరితే ఎదుట గాలి తగులుతుంది. అదే చేటను మెల్లగా ముందుకు తోయండి. గాలి ఎదుటికి పోదు. అంచుల చుట్టూ తిరిగి చేట వెనక్కే చేరుతుంది. పలకకు వెనుక పెట్టె లేదు కనుక ముందు పుట్టిన ఒత్తిడికీ వెనుక పుట్టిన లోటుకూ నడుమ అడ్డం లేదు. శబ్దతరంగం పొట్టిదైతే పలక వెడల్పే అడ్డుగోడగా పనిచేస్తుంది. 4000 హెర్ట్జ్ తరంగం పొడవు 8.5 సెంటీమీటర్లు మాత్రమే. 40 హెర్ట్జ్ తరంగం పొడవు 8.5 మీటర్లు! దాని ముందు నా పలక ఒక తమలపాకు. ముందు వెనుకలు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. దానిని పూడ్చాలంటే పొర మరింత దూరం ఆడాలి. ఆడటానికి చోటు లేదు. అంటే పలక గుణమూ దోషమూ ఒక్క చోటనే పుట్టాయి. పెట్టె లేనందువల్లనే గొంతు స్వచ్ఛం. పెట్టె లేనందువల్లనే తొప్పి మాయం.

దీనికి తొలి విరుగుడు క్వాడ్ రాకముందే అమెరికాలో దొరికింది. ఈ కథలో నాకు అన్నిటికన్న నచ్చిన ఘట్టం ఇది. 1954లో ఎడ్గార్ విల్చర్ అనే ఉపాధ్యాయుడు (ఆ వృత్తి పేరు వినగానే నాకు అభిమానం పొంగింది) తన శిష్యుడు హెన్రీ క్లాస్‌తో కలిసి మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో అకౌస్టిక్ రీసెర్చ్ అనే సంస్థ పెట్టాడు. అప్పటిదాకా మంద్రం కావాలంటే బీరువా అంత పెట్టె కావలసి వచ్చేది. విల్చర్ చిన్న పెట్టెను గాలి చొరకుండా మూసివేశాడు. శంకువును పట్టి ఉంచే బిగువైన అంచును వదులు చేసి, వెనక్కి లాగే పనిని లోపల బందీ అయిన గాలికి అప్పగించాడు. బట్టతో, కాగితంతో చేసిన స్ప్రింగు ఒకచోట బిగుసుకుంటుంది, మరొకచోట వదులవుతుంది. గాలి స్ప్రింగు అలా తడబడదు. కనుక మంద్రం చిన్న పెట్టెలోంచి, తక్కువ వికారంతో వచ్చింది.

సరిగ్గా అదే కాలంలో ఆర్థర్ జాన్‌జెన్ విద్యుత్ పలకలతో ఒక ట్వీటరును తయారు చేశాడు. అది మంద్రం జోలికి పోదు. విల్చర్ సంస్థ వూఫరు మాత్రమే ఉన్న పెట్టెను ఏఆర్-1డబ్ల్యూ అనే పేరుతో విడిగా అమ్మింది. కొన్నవారు దాని మీద జాన్‌జెన్ పలకలను కూర్చోబెట్టుకున్నారు. ఇద్దరు వేర్వేరు తయారీదారుల వస్తువులను శ్రోతలే జతకూర్చి, అది ఆనాటి ఉత్తమమైన జంటలలో ఒకటని చాటారు. ఎందుకు కుదిరింది ఆ సంబంధం? పెట్టె పెద్దదని కాదు, గట్టిగా మోగిందనీ కాదు. ఆ పెట్టె తనదంటూ ఏ రంగూ పులమలేదు. నా మట్టుకు, ఆ తరువాత డెబ్బయ్యేళ్ళ చరిత్రంతా ఈ ఒక్క విషయాన్ని మరచిపోవడం, మళ్ళీ గుర్తుచేసుకోవడం.

మరచిపోయినవారిలో గొప్పవారే ఉన్నారు. 1968లో కాలిఫోర్నియాలో ఆర్నాల్డ్ నూడెల్, ఆయన మిత్రులు ఇన్ఫినిటీ సంస్థను స్థాపించి, సర్వో-స్టాటిక్ అనే స్పీకరును తెచ్చారు. విద్యుత్ పలకలకు తోడుగా 18 అంగుళాల వూఫరు. అయితే దానికి ఒక కాపలాదారుణ్ణి పెట్టారు. శంకువు నిజంగా ఎలా కదిలిందో కనిపెట్టి, కదలవలసిన తీరుతో పోల్చి, తప్పును వెంటనే దిద్దే ఏర్పాటు అది. ఉక్తలేఖనం వ్రాస్తున్న పిల్లవాడి భుజం మీదుగా మాస్టారు చూస్తూ తప్పు దిద్దినట్టు. దీనినే సర్వో అంటారు. ఆలోచన చక్కనిదే, నేటికీ మంచి సబ్‌వూఫర్లలో నిలిచి ఉంది. 1970ల చివర మార్క్ లెవిన్‌సన్ కూర్చిన హెచ్.క్యూ.డీ. అనే వ్యవస్థ మరీ విపరీతం. పక్కకు రెండేసి క్వాడ్ పలకలు, వాటి నడుమ డెక్కా రిబ్బను ట్వీటరు, అడుగున 24 అంగుళాల హార్ట్‌లీ వూఫరు! మన ఎడ్లబండి చక్రం గుర్తుకు వచ్చింది నాకు.

ఈ లోగా 1969లో మిన్నెసోటా రాష్ట్రంలో జిమ్ వైనీ అనే ఇంజనీరు మాగ్నెపాన్ సంస్థ పెట్టి, వేల వోల్టులు అక్కరలేని పలకను తెచ్చాడు. పొరమీద సన్నని తీగలు అంటించి, దాని ఎదుట అయస్కాంతాల వరుసలు పెట్టాడు. పలక స్పీకర్లు మధ్యతరగతి ఇళ్ళలోకి రావడానికి ఈ పద్ధతి దారి తీసింది. మంద్రం సంగతి మాత్రం అక్కడా అంతే. చేట చేటే.

ఇక్కడ కథలోకి సినిమా వస్తుంది. 1974లో ఎర్త్‌క్వేక్ చిత్రానికి యూనివర్సల్ సంస్థ సెన్సరౌండ్ అనే ఏర్పాటు చేసింది. భూకంపం వచ్చినప్పుడు ప్రేక్షకుల కుర్చీలు కదలాలని హాళ్ళలో బ్రహ్మాండమైన మంద్ర స్పీకర్లు పెట్టారు. తరువాత 1992లో డాల్బీ డిజిటల్ వచ్చి, అయిదు మార్గాలకు తోడు మంద్రఘోషకే ప్రత్యేకంగా ఒక మార్గం కేటాయించింది. మనం పెట్టెల మీద చూసే 5.1లోని ఆ పాయింటు ఒకటి అదే. దానితో సబ్‌వూఫర్లలో రెండు గోత్రాలు ఏర్పడ్డాయి. ఒకటి విల్చర్ గోత్రం. వాద్యానికి ఉన్న మంద్రాన్ని ఉన్నంతలో పలికేది. రెండవది సెన్సరౌండ్ గోత్రం, కుర్చీ కదిలించేది. నాకు బాంబు పేల్చి చూపిన కుర్రవాడిది ఈ రెండవ గోత్రం. అతని తప్పేమీ లేదు. అడిగేవారు అవే అడుగుతారు. కాని రామనవమి పందిట్లో భూకంపం రాలేదు కదా!

పలకలవారిలో ఒక నానుడి ఉంది. పలక పొర తేలిక కనుక వేగం. వూఫరు శంకువు బరువు కనుక మందం. కాబట్టి వేగమైన సబ్‌వూఫరు వెతకాలని. నేను కూడ మొదట నమ్మాను. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కాని 40 హెర్ట్జ్ అంటే సెకనుకు 40 సార్లు మాత్రమే. ఆ పాటి ఆటకు బరువైన శంకువు కూడ చాలు. వేగంగా మారే శబ్దమంతా పై స్థాయిలలో ఉంటుంది. అది పలక పని. మరి సబ్‌వూఫరు ఈడ్చుకుంటూ వెనకబడినట్టు ఎందుకు వినబడుతుంది? కారణాలు ప్రధానంగా రెండు. మొదటిది సంధి, రెండవది గది.

సంధి అంటే నా వృత్తికి చెందిన మాటే. పలక ఎక్కడ ఆపి పెట్టె ఎక్కడ అందుకోవాలో నిర్ణయించేదానిని క్రాసోవరు అంటారు. రెండు పదాలు కలిసినచోట స్వరం తెగితే మన లాక్షణికులు విసంధి దోషమన్నారు. ఇక్కడా అంతే. కలిసేచోట ఒకటి ముందుకు తోస్తూ ఉంటే మరొకటి వెనక్కి లాగితే అక్కడ గొయ్యి పడుతుంది. రెండూ ఒకే స్వరాన్ని అతిగా పలికితే గుట్ట లేస్తుంది. 1976లో సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్ కలిసేచోట రెండు పక్షాలూ ఒకే అడుగు వేసేలా ఒక సంధిసూత్రాన్ని ప్రకటించాడు. రస్ రైలీ అనే సహోద్యోగి పేరుతో కలిపి దానిని లింక్‌విట్జ్-రైలీ అంటారు. నేటికీ విరివిగా వాడుతున్నారు. పెట్టెల విషయంలోనూ ఇలాంటి భేదం ఉంది. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లోను, రిచర్డ్ స్మాల్ 1970ల తొలినాళ్ళలోను పెట్టెల గణితాన్ని తేల్చిచెప్పారు. మూసిన పెట్టెలో మంద్రం కిందికి పోయేకొద్దీ ఆక్టేవుకు 12 డెసిబెల్ల చొప్పున మెల్లగా దిగుతుంది. రంధ్రం ఉన్న పెట్టె ఇంకా కిందిదాకా గట్టిగా పలికి, తరువాత 24 డెసిబెల్ల చొప్పున ఒక్కసారిగా కూలుతుంది. మెల్లగా దిగేదానితో పలకకు సంధి కలపడం సులువు.

ఇక గది. పలక ముందుకూ వెనక్కూ పలుకుతుంది కాని పక్కలకు దాదాపు పలకదు. కనుక పక్క గోడలను అంతగా రేపదు. సబ్‌వూఫరు అలా కాదు, అన్ని వైపులకూ పలికి గదినంతా నిద్రలేపుతుంది. మా హాలు పొడవు 5 మీటర్లు. అంత పొడవు గది 34 హెర్ట్జ్ దగ్గరా, మళ్ళీ దానికి రెట్టింపు 68 దగ్గరా తనంతట తాను మూలుగుతుంది. నేను విన్న ఆ డోలు మా గోడలదే! ఇది గ్రహించినవారు ఫిన్‌లాండులోని గ్రేడియెంట్ సంస్థవారు. క్వాడ్ తరువాతి పలక అయిన ఈ.ఎస్.ఎల్.-63 కోసం 1980లలో వారు పెట్టె లేని సబ్‌వూఫరు చేశారు. పలకలాగే అది కూడ ముందు వెనుకలకే పలుకుతుంది. నాకు తెలిసినంతలో పలకకు ఇంతకన్న సమానశీలమైన తోడు లేదు. కాని దానికీ చేట కష్టం తప్పదు. చాలా గాలిని ఆడిస్తే తప్ప కొంచెం మంద్రం రాదు.

పెట్టెతోనే సరిపెట్టుకోవాలనుకునేవారికి దారి చూపినవాడు హార్మన్ సంస్థలోని టాడ్ వెల్టీ. ఎన్ని సబ్‌వూఫర్లు చాలు అనే ప్రశ్నను 2002లో క్రమపద్ధతిలో పరిశీలించాడు. ఒక పెద్దదానికన్న రెండు చిన్నవి, ఎదురెదురు గోడల నడిమధ్యన పెడితే, ఒకటి రేపిన మూలుగును మరొకటి చాలావరకు అణచివేస్తుందని తేలింది. నాలుగైతే మరీ మంచిది. నాలుగంటే మా ఇంట్లో నడవడానికి చోటుండదు.

కనుక పెద్దదానిని తిరిగి ఇచ్చివేసి, మూసిన పెట్టెలో 10 అంగుళాల వూఫరు ఉన్నవి రెండు తెచ్చుకున్నాను. కుర్రవాడికి నామీద జాలి కలిగిందనుకుంటాను. వాటికి 80 హెర్ట్జ్ దగ్గర సంధి పెట్టాము. అంతకన్న చాలా పైకి పోతే శబ్దం ఏ మూలనుంచి వస్తోందో చెవి పట్టేస్తుంది. పలకలను కూడ అక్కడే ఆపించాను; కొందరు ఆపవద్దంటారు, కాని మోయలేని బరువును పిల్లవాడి నెత్తిన పెట్టడం నాకు ఇష్టం ఉండదు. అసలు చిక్కు ధ్వని మోతాదుతో వచ్చింది. మంద్రాన్ని చెవి గ్రహించే తీరు వింతైనదని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ చూపారు. మెల్లని శబ్దంలో మంద్రం అసలే వినబడదు. పెంచుతూ పోతే పై స్వరాలకన్న వడిగా పెరుగుతుంది. కాబట్టి మీట రవ్వంత తిప్పినా తొప్పి కాస్తా డోలు అవుతుంది. నా కుర్చీలో కూర్చుని, మావాడు మీట తిప్పుతూ ఉంటే, ఇంకా తగ్గించు, ఇంకా తగ్గించు అంటూ పదకొండు రోజులు గడిపాను. ఉన్నప్పుడు ఉన్నట్టు తెలియకుండా, ఆపితే మాత్రం ఏదో పోయినట్టు తెలిసేచోట ఆపాము. వచ్చిన బంధువులు అవి మోగుతున్నాయా అని అడిగారు.

ఆ సాయంత్రం రామనవమి టేపు మళ్ళీ పెట్టాను. తని ఆవర్తనం మొదలైంది. ఎడమచేయి కుడిచేతి పక్కకే వచ్చింది. అరచేతి మడమతో చర్మాన్ని నొక్కి జరిపినప్పుడు నాదం వంగి పైకి లేచే ఆ గుంకీ, నలభై అయిదేళ్ళ కిందట పందిట్లో గడ్డి మీద కూర్చుని విన్నదే. వంటింట్లోంచి మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. కొంతసేపు విని, "ఆ రోజు బావగారి తొప్పికి రవ్వ కలిపి ఇచ్చింది నేనే. కొంచెం పలుచనైందమ్మా అని మళ్ళీ కలిపించారు" అన్నది. ఆ సంగతి నాకు అంతవరకు తెలియదు.